మెట్లు దిగడం లేదు

బాపట్ల,
12 జూన్ 1998

మావయ్యకు వేదవతి నమస్కారాలు.

ఉత్తరం రాసి నాలుగు నెలలైంది. అత్తయ్య తిట్టుకుంటూనే ఉంటుందని తెలుసు. నా వాటా తిట్లు మూత పెట్టి ఉంచమనండి, వచ్చినప్పుడు తింటాను. ఇక్కడ పొద్దున తొమ్మిదికి ఆఫీసులోకి వెళ్తే చీకటి పడ్డాకే బయటికి రావడం. కంప్యూటర్ల మీద దుమ్ము పడుతుందని ఉన్న ఒక్క కిటికీకీ అట్ట కొట్టేశారు. ఉద్యోగంలో చేరిన రోజున నా సర్టిఫికెట్లన్నీ డైరెక్టర్ గారు బీరువాలో పెట్టి తాళం వేశారు. రెండేళ్లు నిండేదాకా అవీ బయటికి రావు, నేనూ రాను.

అవసరం పడితేగాని రాయవంటారు. నిజమే, అవసరమే పడింది. మా వాళ్లకి ఒక మద్రాసు కంపెనీ పని ఇచ్చింది. చెక్క, రీడ్లు, తిత్తి ఏవీ లేని వాయిద్యం ఇది. అంతా కంప్యూటర్ లోపలే ఉంటుంది. స్వరం అదే పుట్టిస్తుంది, స్పీకర్లోంచి వినిపిస్తుంది. ఆ భాగం వాళ్లు రాసిచ్చారు. మనిషి దాన్ని ఎలా వాయించాలి, వాయించే చేతికి ఏం ఇవ్వాలి అన్నది తేల్చే పని నాది.

నేను స్క్రీన్ మీద ఇరవై నాలుగు నాబ్‌లు గీశాను. గట్టిదనానికి ఒకటి, పదునుకి ఒకటి, వణుకుకి ఒకటి, ఇలా. మౌస్ అని అరచేతిలో పట్టే చిన్న డబ్బా ఉంటుంది. దాన్ని బల్ల మీద జరుపుతూ వీటిని తిప్పాలి. పెళ్లిళ్లలో కీబోర్డు వాయించే ఆయన్ని పిలిపించి కూర్చోబెట్టాను. పది నిమిషాలు తిప్పి, "మోగుతోందమ్మా, వాయించినట్టు మాత్రం లేదు" అని కాఫీ తాగి వెళ్లిపోయాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆగస్టు ఇరవైన మద్రాసు వాళ్లు చూడటానికి వస్తారు. నచ్చకపోతే నన్ను ఓటర్ల జాబితాలు టైపు చేసే గదిలోకి మారుస్తారట. మీరు ముప్పై ఏళ్లు నాటకాలకి హార్మోనియం వాయించారు. అమ్మ పోయాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని నాకూ నేర్పించారు. మీ చేతికి ఏం తెలుసో నాకు రాయండి మావయ్యా.

వేద

* * *

తెనాలి,
20 జూన్ 1998

మా కంప్యూటరమ్మకు ఆశీస్సులు.

ఇరవై నాలుగు నాబ్‌లా! వంటింట్లో ఇరవై నాలుగు పోపు డబ్బాలు పెట్టుకున్నావు సరే, ఉప్పు ఎక్కడ వేశావే పిచ్చిదానా? వాయించేవాడికి ఒక్కటి చాలు. కుడిచేత్తో మెట్లు నొక్కుతాం, అది అందరికీ కనిపిస్తుంది. ఎడమచెయ్యి వెనక తిత్తి ఊదుతూ ఉంటుంది, దాన్ని ఎవడూ చూడడు. పాట ఉండేది అక్కడ. గట్టిదనం, పదును, వణుకు అని నువ్వు మూడు పేర్లు పెట్టావు. నాకు ఆ మూడూ ఒకే చేతిలోంచి ఒకేసారి వచ్చేవి.

ఇంకో మాట. నీ కంప్యూటర్లో మెట్టు నొక్కి పట్టుకుంటే మోత అలా పోతూనే ఉంటుందా? అయితే అది వాయిద్యం కాదు, మిల్లు కూత. చెయ్యి ఆగితే పాట ఆగాలి. అలాగని టక్కున ఆగకూడదు. వేమూరులో ఒకసారి నాటకం మధ్యలో మా నటుడు వీరాస్వామి పద్యం మూడో పాదంలో మాట మరిచిపోయాడు. గొప్ప గొంతు, జ్ఞాపకం మాత్రం జల్లెడ. నా చెయ్యీ ఆగిపోయింది వాడి మొహం చూసి. కానీ తిత్తిలో కాస్త గాలి మిగిలి ఉంది. ఆ మిగిలిన గాలి మీద స్వరం సన్నగా నిలబడింది. అది పూర్తిగా పోయేలోపల వాడికి మాట దొరికింది, జనం ఈలలు వేశారు. ఆ మిగిలిన గాలి నీ పెట్టెలో ఉందా, చూసుకో.

ఇక్కడి సంగతులు మీ అత్తయ్య ఏప్రిల్లోనే ఇన్‌లాండు నిండా రాసింది కదా, మళ్లీ ఏకరువు పెట్టను. రెండు నెలలుగా మెట్లు దిగడం లేదు. హార్మోనియం ముట్టుకునీ అంతే అయింది. కింద వాటాలో మన ఇంటాయన పాండురంగారావు గారు కంప్యూటర్ సెంటరు తెరిచారు. పొద్దస్తమానం టకటకమని చప్పుడు పైకి వస్తుంది. నువ్వు చేసే పనేనట. విని సంతోషించడమే గాని చూసింది లేదు.

నీ మావయ్య
గౌరీశంకరం

* * *

బాపట్ల,
29 జూన్ 1998

మావయ్యా,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాబ్‌లు తీసేశాను! ఇప్పుడు మౌసే తిత్తి. కుడిచేత్తో కీబోర్డు మీద అక్షరాలు నొక్కితే స్వరాలు, ఎడమచేత్తో మౌస్ ముందుకీ వెనక్కీ ఊపితే గాలి. ఊపు ఆపితే స్వరం పోతుంది. మొదటిసారి అది సన్నగిల్లి ఆగినప్పుడు గదిలో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. డైరెక్టర్ గారు తలుపు తెరిచి చూసి, "ఏంటమ్మా, దోమలా?" అన్నారు.

కష్టాలూ ఉన్నాయి. ఈ బల్లకి నున్నటి రేకు వేశారు. మౌస్ కింద ఉండే గుండు దాని మీద తిరగకుండా జారిపోతోంది. ఏదో మడత కాగితం అడుగున పెట్టుకుని పని నడిపిస్తున్నాను. పూర్తి గాలి రావాలంటే జానెడు దూరం ఊపాలి. గంటకల్లా నా భుజం పట్టేస్తోంది.

మెట్లు దిగడం లేదన్నారు. ఈ సముద్రపు గాలికి, తేమకి అంతే, పట్టేస్తుంది. కంగారు పడకండి. పొద్దున పూట లేత ఎండ తగలనివ్వండి. అత్తయ్యని నూనె మాత్రం రాయనివ్వకండి, జిడ్డు చేరి మరీ బిగుసుకుంటుంది. బలవంతంగా కదిలించకండి. పాత సరుకు కదా, విరిగితే అతకడం ఎవరి తరం? మెత్తటి బట్ట కప్పి కొన్నాళ్లు అలా వదిలేస్తే దానంతట అదే దిగుతుంది.

మిగిలిన గాలి ఎంతసేపు నిలబడాలో రాయండి. లెక్క కావాలి నాకు.

వేద

* * *

తెనాలి,
8 జూలై 1998

వేదా, చల్లగా ఉండు.

మిగిలిన గాలి ఎంతసేపంటే, రెండు రెప్పపాట్లు. మొదటి రెప్పలో ఏమీ తగ్గకూడదు, రెండో రెప్పలో జారిపోవాలి. లెక్క ఇంతకంటే నా దగ్గర లేదు. జానెడు ఊపమన్నది ఎవరు నిన్ను? నేనెప్పుడూ తిత్తి సాంతం తెరవలేదు. చెయ్యి కొలత మనిషికీ మనిషికీ వేరు. ఒకే మనిషికి కూడా నిరుటిది, ఇప్పటిది ఒకటి కాదు. నీ భుజం నొప్పి పెడుతోందంటే కొలత నీది కాదన్నమాట.

పాత సరుకన్నావు చూడు, అది చదివి నేను నవ్వాను, మీ అత్తయ్య నవ్వలేదు. నువ్వు చెప్పినవన్నీ పాటిస్తున్నాం. పొద్దున్నే కిటికీ దగ్గర ఎండ తగలనిస్తున్నాం. నూనె మాన్పించాను. రోజూ కదిలించి తీరాలని చూసినాయన చెప్పాడు గాని, చదువుకున్న పిల్ల వద్దని అంత వివరంగా రాసింది కదా అని అదీ ఆపేశాం. దుప్పటి కప్పి ఉంచుతున్నాం. అయినా దిగడం లేదు సరికదా, ఇంకా బిగుసుకుంది. దానంతట అదే దిగుతుందన్నావు, ఎన్నాళ్లకో రాయలేదు.

రోజులు గడవడం కష్టంగా ఉందే. ఈ కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన బట్టలు తప్ప ఏమీ కనిపించవు. ఏ రోజు ఏ చీర ఆరుతుందో నాకు కంఠతా వచ్చింది. తెనాలిలో బండి ఆగినప్పుడల్లా కూత వినిపిస్తుంది. అందులో బాపట్ల వైపు వెళ్లేది ఏదో గుర్తుపట్టగలను. రమ్మని అనడం లేదు. నీ పని నీకుంది.

గౌరీశంకరం

* * *

బాపట్ల,
17 జూలై 1998

మావయ్యా,

రెండు రెప్పపాట్లు పెట్టాను. కీబోర్డాయన మళ్లీ వచ్చి వాయించి ఈసారి కాఫీ చల్లారినా లేవలేదు. కానీ డైరెక్టర్ గారికి నాబ్‌లు పోయినందుకు బాధ. చూసేవాళ్లకి ఏమీ లేనట్టు ఉందట. మద్రాసు వాళ్లు వచ్చేదాకా ఆదివారాలు కూడా రావాలని చెప్పారు. సెలవు మాట ఎత్తితే బీరువా వైపు చూస్తారు.

మెట్ల సంగతి ఇక నాన్చొద్దు. ఇంకా బిగుసుకుందంటే నా చిట్కాలతో అయ్యేది కాదు. రేపల్లె సామ్యేలు బాబాయికి కార్డు రాశాను. ఈ వారంలో పనిముట్లు తీసుకుని వస్తాడు. మీరు దగ్గర కూర్చుని చూడండి చాలు. అరిగినవి ఊడదీసి కొత్తవి వేస్తాడు. ఒక్క పూట పని. తర్వాత హాయిగా దిగుతాయి.

హడావిడిలో ఉన్నాను. అత్తయ్యకి నమస్కారాలు.

వేద

* * *

తెనాలి,
27 జూలై 1998

చిరంజీవి వేదవతికి,

ఈ ఉత్తరం నవ్వుతూ మొదలుపెడుతున్నాను. చివరిదాకా నవ్వుతానో లేదో తెలియదు.

సామ్యేలుకి వడ్రంగమూ వచ్చు కదా, నీ ఉత్తరం చూసి, నువ్వు మా ఇంటి మెట్లు ఊడదీయించి కొత్తవి కట్టించబోతున్నావనుకున్నాం. ఇంటాయనని అడగకుండా ఎలాగని మీ అత్తయ్య ఒకటే గాభరా. శుక్రవారం రేపల్లె బండి దిగి సామ్యేలు వచ్చాడు. వాళ్ల చర్చి హార్మోనియాలూ మన నాటకాల వాళ్లవీ అన్నీ బాగుచేసే చెయ్యి కదా, సంచీ నిండా ఉలులు, రాకుడు కాగితాలు తెచ్చుకున్నాడు. కూర్చుని మంచినీళ్లు తాగి, "మెట్లు ఏవండీ?" అన్నాడు.

"ఇప్పుడు ఎక్కొచ్చావుగా సామ్యేలూ, అవే" అన్నాను.

"ఎక్కొచ్చినవి కాదండి, దిగనివి. మన వేదమ్మ రాసింది, పెట్టె మెట్లు దిగడం లేదని."

నాకు రెండు రెప్పపాట్లు పట్టింది. మీ అత్తయ్యకి అంతసేపు పట్టలేదు. గరిట పట్టుకుని వంటింట్లోంచి వచ్చి నిలబడింది. "అయితే నెల్లాళ్ల నుంచి మీ మేనకోడలు ఆ చెక్కపెట్టె గురించి రాస్తోందండి. మీ గురించి కాదు. ఎండలో పెట్టమన్నది దాన్ని. నూనె వద్దన్నది దానికి. నా మాట విన్నారా, డాక్టరు మాట విన్నారా?" అని చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

సామ్యేలు ఏం చెయ్యాలో తోచక హార్మోనియం విప్పి చూశాడు. ముప్పై తొమ్మిది మెట్లూ వెన్నలా దిగుతున్నాయి. పట్టేసినవాణ్ణి నేనే.

అత్తయ్య ఇన్‌లాండు నీకు చేరలేదేమో. అందుకే మళ్లీ రాస్తున్నాను, ఈసారి రెండర్థాలు లేకుండా. ఏప్రిల్ పదకొండున పక్షవాతం వచ్చింది. ఎడమ కాలు, ఎడమ చెయ్యి. ఈ పదిహేను మెట్లు నేను దిగలేను. రోజూ నూనెతో మర్దన చేసి, నొప్పి పుట్టినా కదిలించి తీరాలని డాక్టరు చెప్పాడు. నీ ఉత్తరం వచ్చాక అవి మానేశాను. నీ మాట మీద గౌరవంతో అని రాస్తే అబద్ధం. నీ వైద్యంలో నొప్పి లేదు, అందుకని. మళ్లీ మొదలుపెడితే కాలు మొన్నటిదాకా వచ్చినంత కూడా రావడం లేదు.

సామ్యేలు వెళ్లేముందు తను తిత్తి ఊదుతానన్నాడు, నన్ను కుడిచేత్తో వాయించమన్నాడు. మంచివాడు, లయ తెలిసినవాడు. అయినా నేను తగ్గాలనుకున్న చోట అతను పెంచుతాడు. నా వేళ్లకి ఇంకొకడి ఊపిరి. అర పద్యం దాటలేక మూత వేయించాను. ఆ రోజు భోజనం చెయ్యలేదు.

నీ మీద కోపం ఉంది. ఉందని చెప్పకపోతే నువ్వు మళ్లీ ఇంకోలా చదువుతావు.

గౌరీశంకరం

* * *

బాపట్ల,
30 జూలై 1998

మావయ్యా,

అత్తయ్య ఇన్‌లాండు చేరింది. ఏప్రిల్లోనే చేరింది. పెళ్లి సంబంధాల గురించి అయి ఉంటుందని విప్పలేదు. మౌస్ కింద మడత కాగితం పెట్టుకున్నానని రాశాను చూడండి, అదే ఆ ఉత్తరం. మీ ఉత్తరం వచ్చిన పూట విప్పాను. పైన అడ్రసు అరిగిపోయింది. లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి. మీ ఎడమచెయ్యి లేవడం లేదని అత్తయ్య రాసిన కాగితం మీద నెల రోజులుగా నా ఎడమచేత్తో తిత్తి ఊదుతున్నాను.

క్షమించమని అడగడానికి నాకు నోరు రావడం లేదు. నాకు అన్నం పెట్టి పెంచారు. గంట ప్రయాణంలో ఉన్నారు. మెట్లు అనగానే నాకు పెట్టె తప్ప మీరు గుర్తుకు రాలేదు. మీ కాలు ఇంకా బిగుసుకుపోవడానికి నేనే కారణం.

మర్దన ఆపకండి, నొప్పి అని కూడా ఆపకండి. ఆగస్టు తొమ్మిది ఆదివారం పాసింజరుకి వస్తున్నాను. డైరెక్టర్ గారిని అడగలేదు, అడగను. అత్తయ్య కుట్టు టేపు తీసి ఉంచమనండి.

వేద

* * *

బాపట్ల,
22 ఆగస్టు 1998

మావయ్యా, అత్తయ్యా,

మద్రాసు వాళ్లు వచ్చి వెళ్లారు. చూసింది చూసినట్టు చెబుతాను.

ఆ ఆదివారం టేపు పెట్టి కొలిచినప్పుడు, "అంగుళంన్నర కదులుతోంది, దీంతో ఏం చేస్తావు, బొట్టు పెడతావా?" అని మావయ్య వెక్కిరించారు కదా. ఇక్కడికి వచ్చాక దాంతోనే మొత్తం మార్చాను. ఇప్పుడు నా వాయిద్యం తెరవగానే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. మీకు నొప్పి లేకుండా చెయ్యి ఎంత కదులుతుందో అంత కదిలించి చూపించండి, అని. చూపించిన దాన్నే పూర్తి తిత్తిగా తీసుకుంటుంది. జానెడు కదిలేవాళ్లకి జానెడు, అంగుళంన్నర కదిలేవాళ్లకి అంగుళంన్నర. మోతలో తేడా ఉండదు.

వచ్చిన ఇద్దరిలో పెద్దాయన చాలాసేపు వాయించాడు. చిన్నాయన గడియారం చూసుకున్నాడు. చివరికి వాళ్లకి నాబ్‌లే కావాలన్నారు. డబ్బా మీద బొమ్మ వేస్తే నాబ్‌లు బాగుంటాయట. నా తిత్తిని లోపలెక్కడో, వెతికితే దొరికే చోట ఉంచుతారట. నన్ను ఓటర్ల జాబితాలకి పంపలేదు. కానీ చెప్పకుండా ఆదివారం వెళ్లినందుకు ఇంకో ఆర్నెల్లు ఉండాలని డైరెక్టర్ గారు కాగితం రాయించుకున్నారు. సంతకం పెట్టాను. బీరువా తాళం ఆయన దగ్గరుంది, నేనేం చెయ్యను?

నా తిత్తి ఉన్న ఫ్లాపీలు పాండురంగారావు గారికి పోస్టులో పంపాను. ఆయన సెంటర్లో ఎక్కించారట. ఒక కంప్యూటర్ పైకి మార్చమని ఫోన్ చేసి బతిమాలాను. "వైర్లు, స్టెబిలైజరు, అన్నీ కిందేనమ్మా. కంప్యూటర్ మెట్లెక్కదు" అన్నారు. నేను వచ్చిన ఆదివారం మిమ్మల్ని కుర్చీలో కూర్చోబెట్టి దింపుతామంటే మీరు ఒప్పుకోలేదు. నలుగురు మోసుకుని దిగేది ఒక్కసారే, అది ఇప్పుడు కాదన్నారు. కోపం వచ్చింది గాని, అర్థమైంది.

మీ చెయ్యి కోసం చేసింది మీ కాళ్ల కింద, పదిహేను మెట్ల అవతల ఉంది. అంతకంటే దగ్గరికి తేవడం నాకు చేతకాలేదు మావయ్యా.

వేద

* * *

తెనాలి,
19 సెప్టెంబరు 1998

వేదా,

నువ్వు ఏడుస్తూ రాశావని కాగితం చూస్తేనే తెలిసింది. మీ అత్తయ్య కోపం సగం తగ్గింది. మిగతా సగం సంక్రాంతి దాకా ఉంచుకుంటుందట, దాని ఇష్టం.

రోజూ మర్దన జరుగుతోంది. మీ అత్తయ్య చేతులకి దయాదాక్షిణ్యాలు లేవు. నేను పెట్టే కేకలకి కింద సెంటర్లో టైపు ఆగిపోతోందని పాండురంగారావు గారు మర్యాదగా కబురు పెట్టారు. పదిహేను మెట్లు ఏంటో నిన్న కూర్చుని లెక్క వేశాను. పై షడ్జం నుంచి దిగుతూ వస్తే సరిగ్గా రెండు స్థాయిలు. అడుగున ఉన్నది కింది షడ్జం. ముప్పై ఏళ్లు ఎక్కి దిగాను, ఒక్కనాడూ తట్టలేదు చూడు.

ఇవాళ సామ్యేలు వచ్చాడు. ఒక పక్క అతను, ఒక పక్క గోడ. సా. నీ. దా. పా. నాలుగు దిగాను. దిగడానికి ఎంతసేపు పట్టిందో రాయను, నీకు లెక్కల పిచ్చి. పంచమం మెట్టు మీద కూలబడ్డాను. కాలు ఇక రానంది. పైకి పోదామంటే పైకీ రానంది. మధ్యలో ఇరుక్కుపోయి, ముసలితనంలో ఇదేం కర్మ అని కళ్లు తుడుచుకున్నాను. మీ అత్తయ్య పైనుంచి, సామ్యేలు పక్కనుంచి ఏదో చెబుతూనే ఉన్నారు.

అప్పుడు కింద సెంటర్లోంచి వినిపించింది. ఆదిలక్ష్మి అని అక్కడ టైపు నేర్పే అమ్మాయి ఉంది. పని లేనప్పుడు నీ వాయిద్యం పెట్టుకుని కూర్చుంటుందట. ఏదో కీర్తన మొదలుపెట్టి మధ్యలో తడబడి ఆగింది. ఆగాక స్వరం ఒక్క రెప్ప నిలబడి, రెండో రెప్పలో జారిపోయింది. సామ్యేలు నా మొహం చూశాడు. నేను గోడ చూశాను. అది నా తిత్తి వేదా. చెక్క లేకుండా, తోలు లేకుండా, నా తిత్తే.

తర్వాత వాళ్లిద్దరూ కలిసి నన్ను పైకి చేర్చారు. ఒళ్లంతా నొప్పులు. రేపు మళ్లీ దిగుతాను.

నీ సంతకం గురించి నేనేం చెప్పను? ఆర్నెల్లు పెద్ద స్థాయే. ఒక్కో మెట్టే దిగు. ఆదివారాలు మాత్రం నావి, ఆయనతో చెప్పు. భయమేస్తే నా పేరు చెప్పు.

ఉంటాను. ఆ ఆదిలక్ష్మి మధ్యమం దగ్గర ప్రతిసారీ తప్పు మెట్టు నొక్కుతోంది. దిగి చెప్పాలి.

గౌరీశంకరం